కుట్టని చోటు

నకందకరి మోరియో తెచ్చిన కాగితాన్ని కుట్టుకొట్టు యజమానురాలు యారా పెద్దమ్మ కళ్ళజోడుతో ఒకసారి, కళ్ళజోడు తీసి ఒకసారి చూసి, కియో మిషను మీద పెట్టింది.

"ముప్ఫై రెండు కావాలి. శనివారం సాయంత్రానికల్లా," అన్నాడు మోరియో, గుమ్మంలోనే నిలబడి.

కియో మోకాలితో నొక్కిపట్టిన మీటనూ, కాలి కింది తొక్కుడుపలకనూ వదిలేసింది. సూది ఆగింది. చేపల వేలంవాళ్ళ బేస్‌బాల్ జట్టు చొక్కా మీద ఒక అక్షరం సగంలో ఉండిపోయింది. ఒకినావా ద్వీపంలోని ఆ నహా ఊళ్ళో కుట్టుకొట్లు చాలానే ఉన్నా, గీత గీసుకోకుండా, చేత్తో రింగు తిప్పుతూ సూది కింద బొమ్మ పుట్టించగలిగినవాళ్ళు నలుగురైదుగురే. అమెరికా సైనికుల జాకెట్ల మీద పులుల్ని కుట్టి కుట్టి పదునెక్కిన చేతులు వాళ్ళవి. కియో చేతులు పులులకంటే ఎక్కువగా కుట్టింది మాత్రం తాను పదకొండేళ్ళుగా సాధన చేస్తున్న కరాటే బడి గుర్తునే. అరచేతిలో ఇమిడే తెల్లగుడ్డ మీద నీలం దారంతో ఒక వలయం. అది అడుగున తెగి ఉంటుంది. తెగిన చోట, కాస్త లోపలికి, అడ్డంగా ఒక పొట్టి గీత. గీత కుడి కొస వలయాన్ని అంటుకుంటుంది. ఎడమ కొస అంటుకోదు. అక్కడ చిటికెనవేలు దూరేంత సందు.

మోరియో తెచ్చిన కాగితం మీద వలయం మొత్తం మూసుకుపోయి ఉంది. గీత నడిమధ్యకు వచ్చేసింది.

"సందు ఏదన్నగారూ?"

"తీసేశాం."

"గురువుగారు చెప్పారా?"

"ఆయనకి మాట పడిపోయి ఏడాది దాటింది కదమ్మా. ఎవరో ఒకరు చూసుకోవద్దూ?" మోరియో జేబులోంచి మడత కాగితం తీశాడు. "ఆదివారం టోక్యో నుంచి కరాటే సమాఖ్యవాళ్ళు వస్తున్నారు. వాళ్ళ పుస్తకంలో మన బడి పేరు ఎక్కితేనే మన పిల్లలు జాతీయ పోటీలకి వెళ్ళేది. దరఖాస్తులో ఒక గడి ఉంది. గుర్తు, దాని భావం. విను. వలయం సంపూర్ణతకు సంకేతం. మధ్యనున్న రేఖ ఏకచిత్తము. మనసు, దేహము, ఆత్మ ఏకమై..."

"టూత్‌పేస్టు ప్రకటనలా ఉంది," అంది యారా పెద్దమ్మ, దారాల డబ్బాలోంచి తలెత్తకుండానే.

మోరియో నవ్వలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ బడిలో గురువుగారి తర్వాత ఆయనే పెద్ద. బస్సు డిపోలో పనిచేసి, అక్కడి నుంచి సరాసరి బడికి వచ్చి, అన్నం వేళ దాటేదాకా పిల్లల నడుములు సరిచేస్తూ నిలబడే మనిషి. ఆ సంగతి కియో ఎప్పుడూ కాదనలేదు.

"నీ పలక కూడా చెక్కించాను కియో," అన్నాడు గొంతు తగ్గించి. "నా సొరుగులో ఉంది. ఆదివారం వాళ్ళు వెళ్ళగానే గోడకెక్కిస్తా."

బడి గోడకు బ్లాక్ బెల్ట్ వచ్చినవాళ్ళ పేర్లు చెక్కపలకల మీద వరసగా వేలాడుతుంటాయి. ఇరవై ఆరు. ఎవరి పలక ఎక్కడుంటే సాధనలో వాళ్ళ చోటు అక్కడే. కియో నిరుడు వసంతంలో గురువుగారి ముందే పరీక్ష ఇచ్చి నెగ్గింది. ఆ తర్వాత రెండు వారాలకే ఆయన పడిపోయాడు. పలక మాత్రం గోడకెక్కలేదు. పలక లేనివాళ్ళు వరసలో ఉండరు కాబట్టి ఆమె పద్నాలుగు నెలలుగా వెనకాల, పిల్లల పక్కన నిలబడుతోంది.

"వాళ్ళు వెళ్ళాకా?"

"గోడ మీద ఆడపేరు చూస్తే ఏమంటారో తెలీదు కదా. ఒక్కరోజు ఓపిక పట్టు. ఆదివారం టీ సంగతి నువ్వు చూసుకో."

కియో కొత్త కాగితాన్ని మిషను ముందు నిటారుగా నిలబెట్టి బట్టల క్లిప్పు పెట్టింది. "సరేనన్నగారూ," అంది. అన్నాక తన గొంతే తనకు మిషను చప్పుడులా వినిపించింది.

*

గురువారం మొదటిది చెడిపోయింది.

రింగులో గుడ్డ బిగించి, ఎడమచేత్తో పైన, కుడిచేత్తో కింద పట్టుకుని, వలయాన్ని పై నుంచి మొదలుపెట్టింది. మోకాలు మీటను ఎంత నొక్కితే కుట్టు అంత వెడల్పు. ఎడమవైపుగా దిగుతూ అడుగుకు వచ్చేసరికి మోకాలు దానంతటదే సడలింది. కుట్టు సన్నగిల్లింది, ఆగింది. సందు వచ్చేసింది. తొమ్మిదేళ్ళ అలవాటు. కియో తొక్కుడుపలక మీంచి కాలు తీసి, ఆ గుడ్డ విప్పి, కొత్త గుడ్డ బిగించింది. రెండోదీ అంతే. మూడోదానికి పళ్ళు బిగపట్టి, మోకాలిని గట్టిగా అదిమింది. వలయం మూసుకుంది కానీ మూసుకున్న చోట దారం ఉబ్బి చిన్న కణితిలా తేలింది.

"చేతికి ఇష్టంలేని పని చేయిస్తున్నావు," అంది యారా పెద్దమ్మ.

"చేతికి ఇష్టాయిష్టాలేంటి పెద్దమ్మా!"

"ఏమోనమ్మా. నా భర్తకి టీ పోసేటప్పుడు నా చెయ్యీ ఇలాగే మొరాయించేది."

సాయంత్రానికి పదకొండు అయ్యాయి. అందులో బాగున్నది ఒకటి చేతిసంచిలో వేసుకుని కియో గురువుగారింటికి నడిచింది. బడి నడిచేది ఆ ఇంటి పెద్దగదిలోనే.

పాత ఇళ్ళన్నిటికీ ఉన్నట్టే ఆ ఇంటికీ చుట్టూ పగడపురాళ్ళ ప్రహరీ, గేటులోంచి అడుగుపెట్టగానే ఎదురుగా మనిషెత్తు అడ్డగోడ. దాన్ని చుట్టి వెళ్ళాలి. కుడివైపు నుంచి వెళ్తే పెద్ద గది. అతిథులకీ మగవాళ్ళకీ అది దారి. ఎడమవైపు వెళ్తే వంటిల్లు. కియో ఎప్పట్లాగే ఎడమకు తిరిగింది. పాదాలు అటే తిరుగుతాయి, ఆలోచించక్కర్లేదు.

గురువుగారి కూతురు ఫుమి వంటింటి గట్టు మీద కూర్చుని కాకరకాయలు చీరుతోంది. యాభై ఏళ్ళ మనిషి. గింజలు గీకుతూనే, కియో సంచిలోంచి తీసిన గుర్తును వాలుచూపుతో చూసింది.

"ఇదేంటే, మా గోడకి దారి మూసేశారు?"

"ఏ గోడ అక్కా?"

"ఏ గోడేంటి! నువ్వు ఇప్పుడే చుట్టి రాలేదూ?" ఫుమి కత్తి కొసతో గుర్తు అంచు చుట్టూ గాల్లో గీసింది. "ఇది ప్రహరీ. కింద గేటు. ఇది అడ్డగోడ. యుద్ధంలో కుడివైపు ప్రహరీ కూలి, రాళ్ళన్నీ అడ్డగోడదాకా పడ్డాయి. అమెరికావాళ్ళ శిబిరంలోంచి మేం తిరిగొచ్చేసరికి మనిషి దూరే చోటు ఎడమవైపొక్కటే. నాన్న సిమెంటు సంచి కాగితం మీద బొగ్గుతో గీశాడు, నేను పక్కనే ఉన్నా. ఇదే మన బడి అన్నాడు."

కియో గుర్తును మోకాలి మీద పెట్టుకుంది. తొమ్మిదేళ్ళు. ఎన్ని వందలు కుట్టిందో. రోజూ దానిలోంచే నడిచి వచ్చింది.

"రాళ్ళు తర్వాత తీసేశారుగా?"

"పదహారేళ్ళు తీయనివ్వలేదు నాన్న. జడ్జిగారి అబ్బాయి వచ్చినా, అమెరికా కెప్టెను వచ్చినా వంటింటి మీదుగానే. ముందు బిందె చేతికిచ్చి నీళ్ళకి పంపేవాడు. కట్టెలు వచ్చే దారిన రాలేనివాడు చెయ్యి ఎత్తడం నేర్చుకుని ఎవర్ని కొడతాడు, అనేవాడు. రాళ్ళు తీసి సిమెంటు పోయించింది మన మోరియోనే, బడి పెద్దదయ్యాక. నాన్న ఒద్దనలేదు. కానీ తనెప్పుడూ అటు నడవలేదు."

"ఆయనకి చూపించనా?"

"చూపించు. ఏమంటాడో నాకూ తెలీదు."

ముసలాయన లోపల చాప మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. జబ్బు చేశాక ఆయనకు మిగిలింది ఒక్క శబ్దం. ఆకలికీ కోపానికీ సంతోషానికీ అదే. కియో మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో గుర్తు అందించింది. ఆయన ఎడమచేత్తో తీసుకున్నాడు. బొటనవేలితో వలయం చుట్టూ తడిమాడు. అడుగున ఎడమవైపు, సందు ఉండాల్సిన చోట, వేలు ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆగింది.

"సమాఖ్య కోసం మార్చారు గురువుగారూ. నన్ను కుట్టమన్నారు. కుట్టనా?"

"ఊఁ," అన్నాడాయన.

గుర్తును ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మడిచి మూశాడు. అది ఒప్పుకోలో, నిర్ణయం తనకే వదిలేయడమో కియోకు అర్థం కాలేదు. అవతల పెద్దగదిలో పిల్లలు వరసగా కాళ్ళు నేలకేసి కొడుతున్నారు. మోరియో గొంతు లెక్కపెడుతోంది.

*

శుక్రవారం మధ్యాహ్నం బస్సు డిపోకు వెళ్ళింది. మోరియో కాగితాలు బిగించిన అట్ట పట్టుకుని, వచ్చిన బస్సుల టైర్లు కాలితో తట్టి చూస్తున్నాడు. కియోను చూసి మొహం చిట్లించాడు.

"అయ్యాయా?"

"ఇరవై అయ్యాయి. అన్నగారూ, ఆ సందు గురువుగారింటి వాకిలంట. ఫుమి అక్క చెప్పింది."

మోరియో అట్టను బస్సు బంపరు మీద పెట్టాడు.

"నాకు తెలీదనుకున్నావా? మూడేళ్ళు నీళ్ళు మోశాను నేను ఆ దారిన. భుజం మీద బిందె మచ్చ ఇంకా ఉంది."

"మరి తెలిసి కూడా..."

"తెలుసు కాబట్టే! వాళ్ళొచ్చి, ఇదేమిటండీ అంటే ఏం చెప్పను? మా గురువుగారి వంటింటి దారండీ అనా? ద్వీపం అమెరికావాళ్ళ చేతిలోంచి తిరిగి జపానులో కలిసి రెండేళ్ళైంది, ఇంకా మనల్ని చూసి చేపలోళ్ళంటారు. నేను కుర్రతనంలో ఒసాకాలో పనికెళ్ళినప్పుడు అద్దె ఇళ్ళకి బోర్డులుండేవి. ఒకినావావాళ్ళకి ఇవ్వబడదు అని. ఆ బోర్డులు చదువుకుంటూ వీధి వీధంతా తిరిగాన్నేను. నువ్వు చదివావా?"

"లేదు."

"అయితే నాకు చెప్పకు." ఆయన గొంతు పెరిగింది. ఒక డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. మోరియో వాణ్ణి చూసి మళ్ళీ తగ్గించాడు. "మన పిల్లలు ఆ పోటీల్లో దిగితే ఆ టోక్యోవాళ్ళని తంతారు, తెలుసా? మనకున్నది అదొక్కటే. దానికి ఒక్క గీత కలపాల్సొస్తే నేను కలుపుతా. నీకు నీ పేరు గోడ మీద కావాలా, వద్దా?"

బస్సు కింద నుంచి నూనె చుక్కలు పడుతున్నాయి. కియో వాటిని చూస్తూ నిలబడింది. పద్నాలుగు నెలలుగా ఆ గోడ వైపు చూడకుండా ఉండటం ఎంత కష్టమో ఈ మనిషికి తెలుసు. తెలిసే అడిగాడు.

"కావాలి," అంది.

"అంతే మరి. వెళ్ళి పని చూసుకో."

"కుడతాను. నా పని కుట్టడం, కుడతాను. దాని అర్థం మాత్రం నా నోటితో చెప్పించకండి."

"నిన్నెవరడుగుతారు?" అన్నాడు మోరియో, అట్ట చేతిలోకి తీసుకుంటూ.

*

శనివారం నాలుగింటికి ముప్ఫై రెండూ పూర్తయ్యాయి. ఉబ్బులేదు, ముడిలేదు. చివరి పది చూస్తే మొదటి నుంచీ వలయం అలాగే మూసి ఉండేదనుకుంటారు. యారా పెద్దమ్మ ఒకటి వెనక్కి తిప్పి చూసి, "పాడు పనికి మంచి కుట్టు," అంది. మోరియో పంపిన విద్యార్థులు పట్టుకెళ్ళి రాత్రికల్లా తమ తమ చొక్కాలకు కుట్టుకున్నారు.

ఆదివారం పొద్దున కియో తన కరాటే దుస్తులు వేసుకుని, వాటి మీద వంటింటి ఏప్రను కట్టుకుంది. అవి ఎందుకు వేసుకుందో ఫుమి అడగలేదు. పొడుగు చేతులు రెండు మడతలు పైకి పెట్టుకుని పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. పళ్ళెంలో నల్లబెల్లం ముక్కలు సర్దింది.

సమాఖ్యవాళ్ళు ముగ్గురు. పెద్దాయన ఇవాబుచి, బొద్దుగా, చెమట తుడుచుకుంటూ, మర్యాదగా ఉన్నాడు. ఇంకొకాయన కెమెరా పట్టుకున్నాడు. మూడోవాడు కుర్ర గుమస్తా, దరఖాస్తుల ఫైలుతో. మోరియో వాళ్ళని అడ్డగోడకు కుడివైపు నుంచి, కడిగిన సిమెంటు బాట మీదుగా తీసుకొచ్చాడు. పెద్దగదిలో మగవాళ్ళు తమ పలకల వరసలో నిలబడి వంగి దణ్ణం పెట్టారు. ఛాతీల మీద కొత్త గుర్తులు ఒకే తీరుగా మెరిశాయి. కియో పక్కగది తలుపు సందులోంచి తన కుట్టును చూసింది. దూరం నుంచి కూడా బాగుంది.

"అద్భుతంగా ఉంది," అన్నాడు ఇవాబుచి. దరఖాస్తు తీసుకుని పైకి చదివాడు. "సంపూర్ణత. ఏకచిత్తము. సరళంగా, ఎంత గంభీరంగా ఉంది! చాలా బడులవాళ్ళు డేగల్నీ మెరుపుల్నీ పెడతారు."

మోరియో వంగాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సంతోషమది. కియో పదకొండేళ్ళలో ఆ మొహం అలా విచ్చుకోవడం చూడలేదు. అంతలో ఫుమి తలుపు తీసింది, కియో టీ పళ్ళెంతో లోపలికి వచ్చింది. ముగ్గురి ముందూ కప్పులు పెట్టి, చివరగా గురువుగారి వైపు వెళ్ళింది. ఆయన్ని గది నడుమ స్తంభానికి ఆనించి కూర్చోబెట్టారు. ఒంటి మీద పాత చొక్కా. ఎడమ రొమ్ము మీద వెలిసిపోయిన గుర్తు.

ఇవాబుచి గౌరవంగా ముందుకు జరిగి వంగి దాన్ని చూశాడు. కళ్ళు చిట్లించాడు.

"ఇక్కడ మూసుకోలేదే?"

మోరియో క్షణం కూడా ఆలోచించలేదు. "పాతబడిపోయి దారం ఊడిందండీ."

కియో చేతిలో పళ్ళెం ఒరిగింది. బెల్లం ముక్క ఒకటి దొర్లి చాప మీద పడింది. ఆమె వంగి తీయబోయి ఆగింది. అది తను ఏడేళ్ళ కింద కుట్టిన గుర్తు. ఎన్ని ఉతుకులు ఉతికినా ఒక్క పోగు లేవలేదు.

"ఊడలేదండీ," అంది.

వరసలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. ఇవాబుచి తల తిప్పాడు.

"అక్కడ కుట్టే లేదు. ఊడితే పోగులు నిలబడతాయి, సూది బెజ్జాలు కనిపిస్తాయి. చూడండి, గుడ్డ నునుపుగా ఉంది. అది నేనే కుట్టాను. ఇవీ నేనే కుట్టాను," వరస వైపు చూపించింది. "పాతదే సరైనది."

"కియో," అన్నాడు మోరియో, పెదవులు కదలకుండా.

"తమరెవరు?" ఇవాబుచి అడిగాడు.

"మాయెషిరో కియో అంటారండీ. ఈ బడిలో బ్లాక్ బెల్ట్."

ఇవాబుచి గోడ మీది పలకల్ని మెల్లగా, మొదటి నుంచి చివరిదాకా చూశాడు. చివర ఆగి, మళ్ళీ ఆమెను చూశాడు. అయిపోయింది, అనుకుంది కియో. ఇక ఆ సొరుగు ఎప్పటికీ తెరుచుకోదు.

"మరి ఈ సందు అర్థం ఏమిటి?" అన్నాడు ఇవాబుచి.

చెప్పనన్నది ఆమే. మోరియో వైపు చూసింది. ఆయన చూపు చాప మీది బెల్లం ముక్క మీదుంది.

"ఇలా రండి," అని ఆమె వరండా అంచుకు వెళ్ళింది. ఇవాబుచి లేచి వచ్చాడు, వెనకే మిగతా ఇద్దరూ. ఆమె చెయ్యి చాపి చూపించింది. ప్రహరీ. గేటు. అడ్డగోడ. "కుడివైపు అప్పుడు రాళ్ళతో మూసుకుపోయింది. రాగలిగింది అటే, ఎడమవైపు. నేర్చుకోడానికి ఎంత గొప్పవాడొచ్చినా గురువుగారు అటే రమ్మనేవారంట. అటు వస్తే వంటిల్లు. అంతేనండీ."

కుర్ర గుమస్తా ఫైలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు గానీ నవ్వు ఆగలేదు. "అంటే... వంటింటి దారా? ఛాతీ మీదా?" కెమెరా ఆయనకూ పెదవి వంగింది.

మోరియో ఎప్పుడు లేచాడో కియో చూడలేదు. పక్కకు వచ్చి నిలబడ్డాడు. మెడ మీద నరం ఉబ్బి ఉంది. ఆయన తన వైపు వస్తున్నాడనుకుని ఆమె పాదాలు వాటంతటవే కాస్త ఎడంగా జరిగి నేలను పట్టుకున్నాయి.

"ఏం తమ్ముడూ, నవ్వొస్తోందా?" అన్నాడాయన గుమస్తాతో.

"లేదండీ, అది కాదు, నా ఉద్దేశం..."

"మూడేళ్ళు మోశాను నీళ్ళు, ఆ దారిన. మొదటి ఏడాది నాకు ఒక్క గుద్దు కూడా నేర్పలేదు ఆ ముసలాయన." ఆయన భుజం తడుముకున్నాడు. "మేం నవ్వలేదు దాన్ని చూసి. నువ్వూ నవ్వకు."

గుమస్తా ఫైలు కిందికి దించి వంగాడు, ఇంకా వంగాడు. ఇవాబుచి రుమాలుతో మెడ తుడుచుకుని, దరఖాస్తును సగానికి మడిచాడు.

"నకందకరిగారూ, ఈ గడి మళ్ళీ రాసి పంపండి. కమిటీ ఏమంటుందో నేను మాటివ్వలేను. కొందరికి ఇది నచ్చకపోవచ్చు."

"తెలుసండీ," అన్నాడు మోరియో.

"సరే. ఇక సాధన చూపిస్తారా?"

మోరియో కియో చేతిలోంచి పళ్ళెం తీసుకున్నాడు. ఆమె వెంటనే వదల్లేదు. ఇద్దరి చేతుల మధ్య అది ఒక క్షణం అలాగే ఉంది.

"నీ చోటికి వెళ్ళు," అన్నాడు. "అతిథులకి ఇంకో కప్పు పోసి వస్తాను."

"అన్నగారూ, టీ ఆకు..."

"నాకు తెలుసులే."

పళ్ళెం పట్టుకుని ఆయన వంటింట్లోకి వెళ్ళాడు. అక్కడ బీరువా తలుపు తెరుచుకున్న చప్పుడు, కుండ మూత చప్పుడు వినిపించాయి. ఫుమిని ఆయన ఏమీ అడగలేదు.

కియో వెనక ముడి విప్పి, ఏప్రను మడిచి వరండా గట్టు మీద పెట్టింది. పిల్లల పక్కకు పోతే ఎవరూ ఏమీ అనరు. వరస చివర నిలబడినా సర్దుకుపోతుంది. కానీ ఆమె తర్వాత బ్లాక్ బెల్ట్ వచ్చినవాళ్ళు నలుగురున్నారు. ఆమె చోటు ఎక్కడో ఆమెకు తెలుసు. తొకషికి అనే ముసలి వడ్రంగికీ, పోస్టాఫీసు కుర్రాడు ఓమినెకూ నడుమ. అక్కడ ఇద్దరి మధ్యా ఖాళీ లేదు.

ఆమె వెళ్ళి ఆ ఇద్దరి ఎదురుగా నిలబడింది. జరగమనలేదు. చేతులు పక్కన పెట్టుకుని, నేరుగా చూస్తూ నిలబడింది.

తొకషికి ఎదర గోడనే చూస్తున్నాడు. ఓమినె ఆమెను చూశాడు, వంటింటి తలుపు చూశాడు, ఆమె చేతులు చూశాడు. ముప్ఫై రెండింటి దారం కోతలకు రెండు వేళ్ళకు ప్లాస్టర్లున్నాయి. వాడు అరడుగు పక్కకు జరిగాడు. అతని పక్కవాడు జరిగాడు. ఆ పక్కవాడు చాప అంచు చూసుకుని జరిగాడు. చివరివాడికి చాప అయిపోయింది. వాడు ఒక కాలు చాప మీద, ఒక కాలు చెక్కనేల మీద పెట్టుకుని, అలాగే తిన్నగా నిలబడ్డాడు.

కియో ఆ చోట్లోకి అడుగుపెట్టి, ఎదరకు తిరిగింది.